ఊరందరి అక్క

మా అక్కను అక్కా అని పిలిచే హక్కు నాకొక్కడికే ఉందనుకునేవాణ్ణి. పులికాట్‌లో బస్సు దిగిన రోజు ఆ భ్రమ పోయింది. రేవు పక్కన వలలు, తాళ్ళు అమ్మే అంగడి మా బావది. ఆయన పోయి ఏడాది దాటింది. అక్క ఒక్కతే నడుపుతోంది. ఆమెను మా ఊరు గుడియాత్తం తీసుకొచ్చేయాలని బయలుదేరాను. మా లుంగీల కొట్టు మీద గదికి సున్నం కూడా కొట్టించాను.

అంగడి ముందు చేపలమ్మే ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. "అక్కా, నూలు!" అని ఒకామె, "అక్కా, సీక్రం! పడవలు వచ్చేసినాయి!" అని ఇంకొకామె తొందర. నేను సంచీ పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాను. నా అక్క కోసం నేను వరసలో!

"ఎప్పుడు వస్తివప్పా? కూచో, వచ్చేస్తా" అని అక్క ఒక చేప పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికి పోయింది. చేప! గుడియాత్తంలో చేపల బండి ఎదురొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధి మారే మనిషి. నేనూ వెనకే వెళ్ళాను. ఒడ్డుకు చేరిన పడవల మీద గద్దలు తిరుగుతున్నాయి. బురద నిండా కొంగలు, ఎండ్రకాయలు. దూరంగా నీళ్ళలో రాజహంసలు బారులు తీరి ఉన్నాయి. ఎవరైనా చూసి మురిసిపోయే చోటే. నాకు మాత్రం ఒక్క గూడబాతే కనిపించింది. రెక్క ఒకటి వాలిపోయింది. సంచీ లాంటి గొంతు తెరుచుకుని అది మా అక్క దగ్గరికి నడిచి వచ్చింది.

"రా నాయనా, ఆకలా?" అంది అక్క దానితో.

నాయనా అట! పక్షిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం యాభై దాటిన మనిషికి తగునా అంటే తగదు. అయినా పోసుకున్నాను.

సాయంత్రం అన్నం పెడుతున్నప్పుడు గది సంగతి చెప్పాను.

"కిటికీ ఉండాదా?" అంది.

"ఉండాది."

"అందులోంచి ఏం కనిపిస్తాది?"

"బజారు. అన్నీ మనోళ్ళ అంగళ్ళే కదక్కా."

అక్క నా కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. "మీ బావ పోయినాక ఈ చేపలమ్మే ఆడోళ్ళే కదప్పా నాకు తోడు పండుకునింది. నేను రాను. కోపం చేసుకోవద్దు."

"ఆడ నేనుండా కదక్కా!"

"నీకు పెండ్లాం, బిడ్డలు, అందరూ ఉండారు నాయనా."

నాది కోపం కాదు, వట్టి కుళ్ళు. అది పైకి చెప్పలేక మజ్జిగ తాగాను.

మర్నాడు పొద్దున దారిలో తినమని పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. బస్సు దాకా రాలేదు. పడవలు వచ్చే వేళ.

కాట్పాడి ప్లాట్‌ఫారం మీద గుడియాత్తం రైలు కోసం కూర్చుని పొట్లం విప్పాను. పులిహోర మీద వేరే ఆకులో చుట్టిన నల్లటి ముద్ద ఒకటి ఉంది. పులుసు కాచిన బాండలిలో, అడుగున అంటుకున్నదంతా గీకి కలిపిన అన్నం అది. చిన్నప్పటి నుంచీ అది నా ఒక్కడి వాటా. ఎవరెంత అడిగినా అక్క ఇంకొకరికి పెట్టేది కాదు. ఒక కాకి వచ్చి బెంచీ చివర వాలి నన్నే చూసింది. మా అక్కయితే దానికీ ఏదో ఒకటి పెట్టేదే. నేను ముద్దంతా తినేసి, ఎంగిలి చేతికి మెతుకు అంటుకోలేదని చూసుకుని మరీ దాన్ని తోలాను.