తెర మీది కంచం

ఆఫీసుల్లో నేల తుడిచే ఆ పెద్దక్క ఆరోగ్య కేంద్రంలో పోషకాహార పాఠానికి వచ్చినా, కంప్యూటర్ ముందు కూర్చునే ముందు బల్ల తుడిచే కూర్చుంటుంది. ఎవరూ చెప్పరు, చేతులు ఊరుకోవు. నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లతో మౌస్‌ను కోడిపిల్లను పట్టుకున్నంత సుతారంగా పట్టుకుంటుంది. ఆ రోజు ఆమె వయసు, ఎత్తు, బరువు అడిగి, పాఠం చెప్పే అమ్మాయి టైపు చేసింది. తెర మీదికి ఒక బక్కచిక్కిన ఆడమనిషి బొమ్మ, దాని ముందు ఖాళీ కంచం వచ్చాయి.

"అయ్యో, ఎముకల గూడులా ఉంది! ఇంట్లో ఎవరూ పట్టించుకోరు కాబోలు" అంటూ పెద్దక్క తెర పక్కనున్న తిండి బొమ్మల్లోంచి అన్నం, ఆకుకూర, చిక్కుడు గింజలు, గ్లాసుడు పాలు మౌస్‌తో లాగి కంచంలో పెట్టింది. పొరపాటున పడ్డ మిఠాయిని, అమ్మాయి చూపించినట్టే, బయటికి లాగేసింది. చివర్లో రెండు గుడ్లు పెట్టి, "తినవే తల్లీ" అంది. అమ్మాయి మెల్లగా చెప్పింది: "అది మీరే అక్కా. మీ కొలతలతోనే వచ్చింది." పెద్దక్క ఆ బొమ్మను, కంచంలోని గుడ్లను చూసింది. "అయితే ఆ గుడ్లు తీసెయ్యమ్మా. ఇంట్లో పిల్లలున్నారు." "ఒకసారి పెట్టాక తీయడం కుదరదక్కా" అంది అమ్మాయి, తెర వైపే చూస్తూ. ఇందాక మిఠాయి తీసేసిన పెద్దక్క వేళ్లు ఇంకా మౌస్ మీదే ఉన్నాయి. అవి కదల్లేదు.