ధాన్యం కొట్టు మీద మగ్గం గది

2022 వేసవి. మండపేట చుట్టుపక్కల ఊళ్లలో రెండో పంట దాళ్వా కోతలు జోరుగా సాగుతున్న రోజులు. అప్పటికి పదిహేనేళ్లుగా నేను ఇళ్లకు ప్లాన్లు గీస్తున్నాను. కొత్త ఇళ్లకంటే పాత ఇళ్లకు గదులు కలిపే పనే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంది. ఖాళీ స్థలం మనతో వాదించదు. పాత ఇల్లు వాదిస్తుంది, దానికి తోడు ఇంట్లోవాళ్లు వాదిస్తారు. నాకూ నోరు ఊరుకోదు కాబట్టి ఈ పని నాకు సరిపోయిందని మావారు అంటూ ఉంటారు.

మండపేటకి దగ్గర్లో ఒక ఊరినించి దుర్గ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆమె ఇంట్లో మగ్గం వర్క్ చేయిస్తుంది. చెక్క ఫ్రేముకి జాకెట్టు గుడ్డ బిగించి సూదితో జరీ, పూసలు కుట్టే పని అది. ఒక్కో ఫ్రేము నవారు మంచమంత ఉంటుంది. అలాంటివి మూడు హాల్లో వేసి, ఊళ్లోనే ఆరుగురు ఆడవాళ్లను పెట్టుకుంది. ఇంట్లోవాళ్లు అన్నం తినాలన్నా ఫ్రేముల సందుల్లోంచి పక్కకి తిరిగి నడవాలి. ఆమె మామగారు సత్తిరాజు గారు ఒకరోజు పూసల మీద జారిపడబోయారు. ఆషాఢం వెళ్లేలోపు ఈ మంచాలన్నీ ఎత్తి మండపేటలో ఏదో షాపులో పెట్టుకోమని ఖండితంగా చెప్పేశారు. శ్రావణం పెళ్లిళ్ల సీజను, అప్పుడే ఆమెకి పని ఎక్కువ.

"షాపు తీసుకోవచ్చు కదండీ" అన్నాను వెళ్లిన రోజు.

"నాకేం పర్లేదండి. ఈ ఆరుగురికే కుదరదండి" అంది దుర్గ. "ఊళ్లో మా ఇల్లు కాబట్టి పంపిస్తున్నారు. పిల్లలు బడినించి రాగానే ఒక్క అంగలో ఇంటికెళ్లి అన్నం పెట్టొస్తారు. మండపేట అంటే ఇద్దరు కూడా రారండి. మేడమీద ఒక్క గది పడితే చాలండి."

ఇల్లంతా తిరిగి చూశాను. హాల్లో రెండు గోడల మీద పైనుంచి కిందికి ఏటవాలుగా పగుళ్లు. గోడలే బరువు మోసే ఇల్లది, పిల్లర్లు లేవు. కింద నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పునాది లోతు లేకపోతే గోడ దాంతోపాటే లేచి దిగుతుంది. పావుగంటలో తేల్చేశాను. ఈ ఇంటి మీద ఇంకో వరస ఇటుక కూడా పెట్టకూడదన్నాను. దుర్గ ముఖం చూసి, ఇంకాస్త మెత్తగా చెప్పాల్సిందని నాకే అనిపించింది.

అరుగు మీద పేపరు చదువుకుంటున్న సత్తిరాజు గారు లోపలికి వచ్చారు.

"ఏంటమ్మా, మా ఇల్లు పనికిరాదంటున్నావు?"

"పగుళ్లు చూశాను కదా బాబాయ్ గారు."

"హాలు సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. కొట్టు చూశావా?"

చూడలేదు. ఇంటికి నైరుతి మూల ధాన్యం కొట్టు ఉంది. తలుపుకి అడ్డంగా పాత సామాను పేర్చి ఉంటే, అదీ ఈ ఇల్లే కదా అని వదిలేశాను. అంతటికీ ఒకటే సున్నం, ఒకటే రంగు. అంతా ఒకేసారి కట్టారనుకున్నాను. ఆయన సామాను తనే జరిపి, మొలకి కట్టుకున్న తాళంచెవితో తలుపు తీశారు. లోపల అటూ ఇటూ టార్చి వేసి చూశాను. వెంట్రుకవాసి పగులు కూడా లేదు.

"ఇంటికంటే ముందు కొట్టు కట్టామమ్మా" అన్నారాయన. "నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మేం తాటాకింట్లో పడుకునేవాళ్లం, ధాన్యం డాబాలో పడుకునేది. ఈ పునాదికి ఏటి ఇసుక నేనే మోశాను. మూడొందల బస్తాలు పట్టేది. హాలు ఆ తర్వాత ఎప్పటికో, ఉన్నంతలో కట్టాం."

డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. మా తాతల నాటి రైతులు తాము వానలో తడిసినా ధాన్యాన్ని తడవనిచ్చేవారు కాదు. ఇంట్లో అన్నిటికంటే గట్టి గది ధాన్యానికే. ఇప్పుడు కోత మిషను దిగిందంటే పొలంలోంచే ధాన్యం లారీ ఎక్కేస్తోంది, కొట్లు పాత సామాన్లకి మిగిలాయి.

వీధిలోకి వచ్చాక దుర్గ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరు గది కట్టొచ్చని ఉంటే మావయ్య గారు వద్దనేవారండి. ఇల్లు పనికిరాదన్నారు చూడండి, ఇంక ఆయన కట్టించేదాకా ఊరుకోరు."

అలాగే జరిగింది. మర్నాడు పొద్దున్నే ఆయన నాకు ఫోన్ చేసి, కొట్టు మీద గది సంగతి చూడటానికి ఎప్పుడొస్తున్నావని అడిగారు.

ముందు ట్రయల్ పిట్ తవ్వించాను. అంటే పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు ఉందో చూడటానికి గోడ పక్కన తవ్వే గొయ్యి. హాలు దగ్గర రెండడుగులకే ఇటుక అయిపోయింది. కొట్టు దగ్గర నాలుగున్నర అడుగులు పోయినా రాయి కనిపిస్తూనే ఉంది, దాని కింద మందంగా ఇసుక. గోతి ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్న సత్తిరాజు గారు "చాలా, ఇంకా తవ్వుతావా?" అన్నారు. ఆ వెటకారానికి నేను అర్హురాలినే.

అయినా పునాది ఒక్కటీ సరిపోదు. బస్తాలు మోసింది నేల. కొత్త గది బరువు పడేది గోడల మీద, స్లాబు మీద. స్లాబుకి నలభై ఏళ్లు దాటాయి. గోడలకి తేలిక రకం బ్లాకులు, పైన రేకుల కప్పు వేసి బరువు తగ్గించాను. మెట్లు హాలుని ఆనకుండా బయట విడిగా ఇనుపవి పెట్టాను. లెక్కలన్నీ రాజమండ్రిలో నాకు పాఠం చెప్పిన మాస్టారికి చూపించాను. ఆయన "లెక్క బాగుంది, లోడ్ టెస్ట్ చేసి చూడు" అన్నారు. స్లాబు మీద నిజంగానే బరువు పెట్టి ఒక రోజు ఉంచి, దింపాక ఎంత వెనక్కి లేస్తుందో చూసే పరీక్ష అది. మామూలుగా ఇసుక బస్తాలు వాడతాం.

"ఇసుకెందుకమ్మా, ధాన్యం ఉండగా" అన్నారు సత్తిరాజు గారు.

మిల్లుకి పోవాల్సిన ట్రాక్టరు ఇంటి ముందుకొచ్చింది. నా లెక్కకి ఎనభై నాలుగు బస్తాలు కావాలి. ఊరు సగం వీధిలో చేరింది. కొట్టు లోపల, స్లాబుకి కాస్త కిందగా సర్వీ బాదులు, అంటే సరుగుడు గుంజలు, నిలబెట్టించాను, ఏదైనా జరిగితే అవి పట్టుకుంటాయని. నడిమధ్యన డయల్ గేజి పెట్టాను. స్లాబు కాగితం మందం వంగినా దాని ముల్లు చెబుతుంది. కూలీలు నిచ్చెన మీదుగా బస్తాలు ఎక్కిస్తుంటే పక్కింటి వీర్రాజు గారు గోడమీంచి "కూలినా నష్టం లేదు లెండి, ధాన్యం మళ్లీ కొట్లోకే వస్తుంది" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గేటు దగ్గర ఆ ఆరుగురూ నిలబడి ఉన్నారు. వాళ్లూ నవ్వలేదు.

ఆఖరి బస్తా పెట్టాక ముల్లు మొత్తం పన్నెండు గీతలు కదిలి ఆగింది. మర్నాడు ఉదయం పది గంటలకి బస్తాలు దింపించాం. వంగిన దాంట్లో కనీసం ముప్పాతిక వంతు వెనక్కి రావాలన్నది నియమం. నేను కొట్లో గేజి ముందు గొంతుక్కూర్చున్నాను. ఒక్కో వరస దిగుతుంటే ముల్లు ఒక్కో గీత వెనక్కి నడిచింది. అన్నీ దిగాక సున్నా పక్కన, గీతన్నర దూరంలో నిలిచింది. రెండుసార్లు కళ్లు తుడుచుకుని చూశాను. అదే అంకె. పదిహేనేళ్లలో నాకు అంత ఆనందం ఇచ్చిన అంకె ఇంకొకటి లేదు.

బయటికి వచ్చేసరికి సత్తిరాజు గారు గుమ్మంలోనే ఉన్నారు. "ఏంటమ్మా?"

"నిలబడింది బాబాయ్ గారు. నేనన్న మాట తప్పు."

నా మీద ఓ మాట విసురుతారని సిద్ధపడ్డాను. ఆయన నన్ను దాటి గేటు వైపు చూశారు. "మీరెందుకలా ఎండలో నిలబడ్డారు? లోపలికెళ్లి పని చూసుకోండి. గది అయ్యేదాకా హాల్లోనే కూర్చోండి, నేను అరుగు మీద తింటాను."

ఆ ఆరుగురిలో పెద్దావిడ, మంగ అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఆయ్, అలాగేనండి" అంది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆషాఢం వెళ్లడానికి ఇంకా పది రోజులుండగా గది పూర్తయింది. కుట్టేవాళ్ల చేతి మీద ఎండ పడకుండా, వెలుతురు మాత్రం పడేలా ఉత్తరానికి మూడు పెద్ద కిటికీలు పెట్టాను. ఫ్రేములు ఒక్కొక్కటే ఇనుప మెట్ల మీదుగా ఎక్కిస్తుంటే ఆరుగురూ రెండు పక్కలా పట్టుకున్నారు. ఆ శ్రావణంలో ఒక్క ఆర్డరు కూడా వెనక్కి పంపలేదని దుర్గ ఫోన్ చేసి చెప్పింది. సత్తిరాజు గారు మాత్రం ఊళ్లో ఎవరు కనిపించినా, ఇంజినీరమ్మ కాదంటే తన కొట్టు ఔనందని చెబుతున్నారట. చెప్పుకోనివ్వండి, నిజమే కదా.

ఇల్లంతా ఒకేసారి పుట్టదని, గోడ మీది రంగు చూసి దాని వయసు చెప్పకూడదని ఆ పని నాకు నేర్పింది. పుస్తకంలోనూ ఇది ఉంది, చదివాను కూడా. ఒక పెద్దాయనకి పౌరుషం వస్తే గానీ నా బుర్రకెక్కలేదు. ఆయన ఊరుకుని ఉంటే నేను నా తప్పు మాటతో ఇంటికి వెళ్లిపోయేదాన్ని, ఆరుగురు పని పోగొట్టుకునేవారు, నాకు తెలిసేది కూడా కాదు. ఇప్పుడు ఏ పాత ఇంటికి వెళ్లినా వెంటనే టేపు బయటికి తీయను. ముందు ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో గదీ చూపించి అడుగుతాను: "ఇందులో ఇదివరకు ఏం పెట్టేవారండి?"