రాజన్న దిగని బండి

కువైట్‌లోని సబ్హాన్‌లో కారు బ్యాటరీ మార్పించుకుంటూ నిలబడ్డప్పుడల్లా ఆ యాసిడ్ వాసన నన్ను తీసుకెళ్లి అహ్మదిలోని ఒక తోటలో దించేస్తుంది. బాల్యమంటే అందరికీ మల్లెపూలు గుర్తొస్తాయి, నాకేమో బ్యాటరీలు. ఏం చేస్తాం, మా నాన్న ఎలక్ట్రీషియన్.

ఒక కువైటీ పెద్దావిడ ఇంటి వెనక గదుల్లో మేం అద్దెకుండేవాళ్లం. ఆమెను అందరూ మామా అనేవాళ్లు. ఆమె తోటమాలి రాజన్నది మా జగిత్యాల వైపే. ఎండలు తగ్గుముఖం పట్టి, పొద్దున్నే గడ్డి మీద తడి మెరిసే రోజుల్లో, ఖర్జూరపు చెట్ల నీడల్లోంచి, పుదీనా మళ్ల పక్కనుంచి, రాజన్న తన పాత బ్యాటరీ ట్రాక్టర్ మీద చప్పుడు లేకుండా తేలిపోతుంటే, బతుకమ్మకు అమ్మ అడిగిన బంతిపూలు గౌను నిండా పోసుకుని నేను వెనక ట్రాలీలో కూర్చునేదాన్ని. ఇంటికెళ్లేసరికి మలీద ముద్దల నెయ్యి వాసన గుమ్మం దాకా వచ్చేది.

ఒక ఏడు ఆ బండి మొరాయించింది. మామా విసిగిపోయి, బాగుపడకపోతే దాన్ని పాత ఇనుముకు ఇచ్చేసి, తోట కాంట్రాక్టువాళ్లకు అప్పజెబుతానంది. రాజన్న ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండేందుకు అనుమతి కాగితం, ఆ ఇంటి మీదే. బండి పోతే ఆయనా ఊరికి పోవాల్సిందే. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం నాన్న టెస్ట్ బల్బు పట్టుకుని కూర్చున్నాడు. బ్యాటరీల కొసల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగాడు, ఫ్యూజులు చూశాడు, తీగలన్నీ తడిమాడు. తాను ఎక్కితే నడుస్తుంది, రాజన్న ఎక్కితే కదలదు.

"నా మీదనే పగవట్టింది తమ్మీ," అన్నాడు రాజన్న.

చివరికి సీటు కింద స్విచ్చు దొరికింది. మనిషి దిగితే బండి ఆగిపోవడానికి పెట్టిందది. బక్కపలచని రాజన్న బరువుకు నొక్కుకోవడం లేదు.

"రోగం బండికి కాదే అన్నా, నీకు. ఇంత బువ్వ ఎక్కువ తిను," అంటూ నాన్న దాని మీద పాత చెప్పు రబ్బరు ముక్క అతికించాడు. రాజన్న ఎక్కగానే బండి కదిలింది. ఆ సంబరంలో నాన్న అవతల, తోట కనబడని వరండాలో ఉన్న మామాకు రిపేరు అయిపోయిందని చెప్పబోయి, "మామా, ట్రాక్టర్ ఖలాస్," అన్నాడు. ఆమె బండి పనే అయిపోయిందనుకుంది.

మర్నాడు పాత ఇనుము లారీ వచ్చింది. నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. రాజన్నకు వచ్చిన అరబ్బీ ఎవరికీ ఏమీ విడమరచి చెప్పడానికి చాలదు. లారీవాళ్లు తాళ్లు విప్పుతుండగా ఆయన ట్రాక్టర్ ఎక్కి నడిపాడు. మామా బయటికొచ్చింది. ఆమె నీడ కనబడితే చాలు, చేతిలో పార కింద పెట్టి లేచి నిలబడే మనిషి ఆ రోజు లేవలేదు. లేస్తే బండి ఆగిపోతుంది. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, కారుతున్న కళ్లయినా తుడుచుకోకుండా, ఆమె ముందునుంచే తోటంతా తిరిగాడు. ఆమె చాలాసేపు చూసి, లారీని వెళ్లిపొమ్మని చెయ్యి ఊపింది.

ఇప్పుడక్కడ తోట లేదు, అపార్టుమెంట్లు లేచాయి. మామా లేదు. ముసలితనం దాకా ఇక్కడే పనిచేసి ఊరు చేరిన రాజన్నా లేడు. ఆయన మామా ఎదుట కూర్చుని ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.