చిన్నమ్మ నెత్తురు వంతు

చదువు ముగించి, ఉద్యోగం అన్న మాట వింటే చాలు జుట్టు దువ్వుకునే వయసులో నాకు దొరికిన మొదటి కొలువు, వంతు కోసం కాచుకోవడం. జీతమిచ్చేది అనంతపురంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధన వాళ్ళు. రోగుల నెత్తురు నమూనాలను ఊరి బయట ఉన్న ఉమ్మడి ల్యాబుకు చేర్చి, అక్కడి పెద్ద మిషన్లో పెట్టించడం నా పని. నెత్తురులో ఏ ప్రొటీన్లున్నాయో, తిన్న తిండి ఒంట్లో ఏమేమిగా మారిందో ఆ మిషన్ విడదీసి చూపిస్తుంది. చుట్టుపక్కల కాలేజీలూ ఆసుపత్రులూ కలిసి వాడుకోవాలని దాని పక్కన "ఇది అందరిదీ" అని బోర్డు పెట్టారు. (అందరిదీ అని రాసిపెట్టిన వస్తువు ఎవరిదో మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు.) పెద్ద సారు అని పిలుచుకునే ఒక ప్రొఫెసరు గారి నమూనాలు ఎప్పుడొచ్చినా అర్జెంటే. వంతుల జాబితాలో అవి పైకి పోయేవి, మా ఆసుపత్రి పేరు కిందికి జారేది. మిషన్ నడిపే మేడమ్ మంచావిడే, "వచ్చే వారం చూద్దాం బాబూ" అనేది. ఆ వారం ఏ క్యాలెండరులోనూ ఉండేది కాదు.

గుమ్మఘట్ట పక్క పల్లెలో పుట్టినవాణ్ణి, నాకు తెలిసిన న్యాయం ఒక్కటే. నీళ్ళ ట్యాంకరు ఆగే చోట బిందె పెట్టి ఎవరి పని మీద వాళ్ళు పోతారు. మనిషి లేకపోయినా బిందెకు వంతు ఉంటుంది. దాన్ని జరిపినవాడి వంశమంతా తిట్లు తింటుంది. అందుకని ఖాళీ థర్మోకోల్ పెట్టె మీద ఆసుపత్రి పేరు రాసి, మిషన్ గది తలుపు ముందు పెట్టి వచ్చాను. మర్నాడు చూస్తే దాని మీద టీ గ్లాసులున్నాయి. ఆ తర్వాత అది చెత్తబుట్ట పక్కన కనిపించింది. పెద్ద సారు శిష్యులు నాకు "ట్యాంకరు" అని పేరు పెట్టి నవ్వారు. కొత్తవాణ్ణి కనుక నేనూ నవ్వాను.

నవ్వనిది మా చిన్నమ్మ ఒక్కతే. రొమ్ము క్యాన్సరుతో అదే ఆసుపత్రిలో ఉంటూ, నమూనా ఇచ్చినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఊళ్ళో ఆమె నోటికి భయపడి ట్యాంకరు డ్రైవరే దిగి బిందె నింపేవాడు. ఈ పరీక్షతో ఆమె వైద్యమేమీ మారదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా నేను వార్డుకు పోతే చాలు, "ఏమప్పా, నా నెత్తురు వంతు యాడికొచ్చె?" అని అడిగేది. రాలేదంటే పెద్ద సారును, నన్ను కలిపి తిట్టేది. ఒక రోజు మాత్రం తిట్టలేదు.

"నాకు పనికిరాదని తెలుసులేరా. కూతురుండాది గదా నాకు, రేపు దానికన్నా పనికొస్తాది. నేనుండంగానే నా నెత్తురును ఒకతూరి చూసినారని తెలిస్తే చాలు" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

వైద్యం ఇక పనిచేయడం లేదని ఆమెను ఊరికి తీసుకుపోయిన వారమే మా పేరు మళ్ళీ పైకి వచ్చింది. నమూనాలు ఐసులో పెట్టుకుని పొద్దున్నే పోయాను. మిషన్ గదిలో ఫోన్లు ఆపేయాలని రూలు, ఆపేశాను. పెట్టె మూత తీసేలోపే పెద్ద సారు శిష్యులతో దిగారు. మళ్ళీ అర్జెంటే. మేడమ్ నా మొహం చూడకుండా, కాస్త బయట కూర్చోమంది. నేను పెట్టెను గడప మీద పెట్టి దానిమీదే కూర్చున్నాను.

"వంతంటే వంతే సార్. లేసేది లేదు. దాటల్లంటే నన్ను తొక్కి పోండి" అన్నాను.

బతిమాలారు, బెదిరించారు, ఉద్యోగం పోతుందన్నారు. నా బరువుకు మూత పటపటమంటోంది, నేను తలుపు చట్రం పట్టుకుని ఇంకా బిగించి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక పెద్ద సారుకు ఆకలే వేసిందో, జాలే కలిగిందో, ట్యాంకరు వాడిది ముందు కానిచ్చేయండమ్మా అని భోజనానికి పోయారు.

సాయంత్రానికి తెర మీద చిన్నమ్మ నెత్తురు గుట్టలు గుట్టలుగా లేచింది. (పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఆమె నంబరు నాకు తెలియదా?) ఒక్కో గుట్ట ఒక్కో పదార్థమని మేడమ్ చెప్పింది. నాకేమీ అర్థం కాలేదు, సంతోషం మాత్రం పట్టలేకపోయాను. బయటికి పరుగెత్తి, ఫోను ఆన్ చేసి, చిన్నమ్మ కూతురికి చేశాను. అమ్మకివ్వు, వంతొచ్చిందని నేనే చెప్పాలి అన్నాను.

"పొద్దున్నించి నీకు చేస్తానే ఉండాం అన్నా" అంది చెల్లెలు. "నీ కోసరం అడిగి అడిగి, మద్దేనం అమ్మ పానం పాయ."

గడప మీద పంతం పట్టి కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పెద్ద సారు వెళ్ళిపోతుంటే వాడు, ఇంకా సరిగా మొలవని మీసం తిప్పాడు కూడా. గెలిచాననుకున్నాడు పాపం.