పలక్కుండా ఊరుకోవడం

కంప్యూటరు కొన్నవాళ్లెవరూ దాని గుమ్మంలో కాపలా కాసే ఫైర్‌వాల్‌కి ఏమేం చెప్పిపెట్టాలో ఆలోచించరు. లోకం తరఫున ముందే ఆలోచించి పెట్టే కమిటీకి పెద్దాయన అధ్యక్షుడు. సన్నటి మనిషి, మెడదాకా బొత్తాలు. అప్పులిస్తామని ఫోన్ చేసే అమ్మాయికి కూడా "వద్దు తల్లీ, భోంచేశావా?" అని జవాబు చెప్పిగానీ పెట్టెయ్యడు. తన భోజనం మాత్రం ఫోన్‌ని చూడనట్టు చూస్తూ కానిస్తాడు. అమ్మ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర పట్టింపొచ్చి ఆయన చెల్లెలు మాటలు మానేసింది. ఈయన పంపే కబుర్లన్నీ ఆమెకు చేరుతూనే ఉన్నాయి, జవాబే రాదు.

బయటికి వెళ్లేవాళ్లని వెళ్లనివ్వాలి, పిలవకుండా వచ్చేవాళ్లని ఆపాలి అన్నంతవరకు కమిటీలో పేచీ రాలేదు. ఆపేసినవాడికి "కుదరదు" అని చెప్పాలా, పలక్కుండా ఊరుకోవాలా అన్నచోట సభ రెండుగా చీలింది.

"చెప్పెయ్యడమే మర్యాద. పాపం, అవతల కాసుక్కూచుంటాడు," అన్నాడు పెద్దాయన.

"కూచోనివ్వండి సార్. విసుగొస్తే వాడే పోతాడు," అంది ఇంజినీరమ్మ.

"అందరూ పోరమ్మా."

"మీరు మరీనూ! పలికితే లోపల మనం ఉన్నట్టు తెలిసిపోదూ?"

చేతులెత్తితే మౌనమే గెలిచింది. అధ్యక్షుడు ఆ తీర్పును గంభీరంగా ప్రకటించి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పలక్కపోతే మాత్రం తెలియదా?" అన్నాడు.

"తెలివైనవాడికి తెలుస్తుంది లెండి. అసలు ఎవరూ లేకపోతే, 'ఇక్కడెవరూ లేరు' అని దారిలోనే కబురొచ్చేస్తుంది. ఏ కబురూ రాలేదంటే లోపల ఉన్నట్టే."

ఈ పాఠం ఆమెకు నేర్పింది ఆయనే. అయినా కుర్చీ ముందుకు జరుపుకుని, "ఏదీ, ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు.