నా అక్షరాలకి చాలని జాగా

2022, వానాకాలం. రాయగడ మున్సిపాలిటీలో నేను జమాదారమ్మని, ముప్ఫై ఒక్కమంది ఊడ్చేవాళ్ళ మీద అజమాయిషీ. ఆ ఏడే హాజరు పుస్తకం తీసేసి చేతికి యాప్ ఎక్కించిన ఫోన్ ఇచ్చేరు. పొద్దున్నే ఒక్కో పేరు మీదా వేలు నొక్కాలి. నొక్కని పేరు రానట్టే.

నేను చదవడం నేర్చింది యాభై దాటేక. అందుకే ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి పెట్టుకున్నాను. జాబితా పైకి తోస్తే ఇరవై ఎనిమిదో పేరు దగ్గర ఆగేది. అయిపోయిందనుకున్నాను. లెక్కపెట్టకపోవడం నా తప్పే. కొల్నార నుంచి కొత్తగా చేరిన ముగ్గురాడవాళ్ళ పేర్లు అడుగున ఉండిపోయేయి. రెండ్రోజులు గైర్హాజరు పడింది. మూడోది పడితే పని పోయినట్టే.

ఆఫీసుకెళ్ళి అడిగితే గుమస్తా తన ఫోన్ చూపించేడు. అందులో అందరూ ఉన్నారు.

"అప్పా, అక్షరాలు సిన్నవి సేసుకో. అన్నీ అగుపడతాయి."

చదువురాని వాళ్ళకి ఫోన్లిస్తే ఇంతే అని పక్కవాడితో అన్నాడు, నాకు వినబడేలాగే.

"ఇంత కష్టపడి నేర్సుకున్నాను బాబూ. సిన్నవి సెయ్యను," అని వచ్చేసేను.

మర్నాడు పొద్దున్నే ఆ ముగ్గుర్నీ చీపుర్లతో ఆఫీసు గుమ్మంలో నిలబెట్టేను. యాప్ రాసిన ఇంజినీరమ్మాయి ఆ రోజే ట్రైనింగ్‌కి వచ్చింది, పార్వతీపురం పిల్ల. యాప్‌లో తప్పుండదంది.

"అయితే అమ్మీ, నీ ఫోన్లో అక్షరాలు నా వాటంత పెద్దవి సెయ్యి."

చేసింది. తోసింది. ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. మళ్ళీ తోసింది.

"ఏరీ మిగతా ముగ్గురూ?" అన్నాను.

"ఇక్కడే ఉన్నాం, కాళ్ళు లాగుతున్నాయి," అంది గుమ్మంలోంచి ఒకావిడ.

అప్పుడు పిల్ల విడమర్చింది. వేలితో తోసే ఆ జాగాని స్క్రోల్ ఏరియా అంటారట. లోపల ఎంత ఉందో కొలుచుకుని తనే పెరగగలదట. ఈ పిల్ల ఆ కొలతని ఆపేసి, చిన్న అక్షరాలకి సరిపడా ఒక అంకె వేసేసింది. అక్షరాలు పెరిగేయి, జాగా పెరగలేదు.

"నాదే తప్పమ్మా," అంది. మధ్యాహ్నానికి లాప్‌టాప్‌లో ఆ అంకె తీసేసి, నా ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించింది. ముప్ఫై ఒకటో పేరు దాకా తోసేను. మూడు పేర్లూ నొక్కేను.

అంతటితో వదల్లేదు. తప్పు యాప్‌దని ఆ పిల్ల చేత కాగితం మీద రాయించి, గుమస్తా ఎదురుగా కింద నా పేరు పూర్తిగా రాసేను. ఆ రెండ్రోజుల గైర్హాజరూ కొట్టేసేరు.

అప్పట్నుంచీ ఫోన్ ఏం చూపించినా ఎదుట నిలబడ్డ తలలు లెక్కపెడతాను. అక్షరాలు తగ్గించుకోమని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. తగ్గించలేదు. కావాలంటే గుమస్తా వీధి అవతల నుంచి చదువుకోవచ్చు.