గంపలగూడెం ఇల్లు ఖాళీ చేయించిన పన్ను మినహాయింపు

ఇళ్ల అమ్మకంపై పన్ను లెక్కను బడ్జెట్టులో మార్చిన 2024లో నేను తిరువూరులో ఆదాయపు పన్ను సలహాదారుగా ఉన్నాను. మరుసటి ఏడాది ప్రాక్టీసు మానేశాను.

ఆ వానాకాలంలో వెంకటరత్నం గారనే ధాన్యం వ్యాపారి నా దగ్గరకు వచ్చారు. ఆయనకు ఊళ్లో మూడు అద్దె ఇళ్లు. ఒకదాంట్లో చాలా ఏళ్లుగా ఉంటున్న సునీత టీచర్ ఆ ఇల్లు తనకే అమ్మమని అడుగుతున్నారు. విజయవాడ నుంచి వచ్చిన మరొకాయన ఎక్కువ ధర ఇస్తానంటున్నాడు. పన్ను తప్పితే టీచరుకే, ఆమె ఇవ్వగలిగిన ధరకే ఇస్తానన్నారు వెంకటరత్నం గారు.

చట్టంలో దారి ఉంది. రెండేళ్లకు మించి మన పేరున ఉన్న ఇల్లు అమ్మి, వచ్చిన లాభంతో రెండేళ్లలోగా మరో ఇల్లు కొంటే, ఆ లాభంపై పన్ను పడదు. ఆయన ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఇద్దరూ దస్తావేజు ముసాయిదా చదువుకోవడానికి నా ఆఫీసులో కూర్చున్నారు.

"నేను కొనే ఇల్లు కూడా కుదిరిందండి" అన్నారు వెంకటరత్నం గారు ఉత్సాహంగా. "గంపలగూడెంలో, చర్చి వెనకాల. ఖాళీ చేయించి ఇస్తేనే కొంటానన్నాను. ఇవాళ చేయిస్తున్నారు."

సునీత టీచర్ తలెత్తారు. "నీలం గేటు ఇల్లేనాండి?"

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"అందులో అద్దెకుంటోంది మా అమ్మండి."

ఆమె వెంటనే తల్లికి ఫోన్ చేశారు. తల్లి గొంతు మాకూ వినిపించింది. "సామాను రోడ్డు మీద పెట్టేశారే. రిజిస్ట్రేషన్ పెట్టుకుని కంగారు పడతావని చెప్పలేదు."

"ఈ ఇల్లు నాకొద్దండి" అంటూ టీచర్ లేచి బయటికి వెళ్లిపోయారు.

"ఇప్పుడెలాగండి?" అన్నారు వెంకటరత్నం గారు నాతో. మరో ఇల్లు కొననక్కర్లేదనీ, ఆరు నెలల్లోగా లాభాన్ని నిర్ణీత బాండ్లలో పెట్టి ఐదేళ్లు కదపకపోయినా మినహాయింపు వస్తుందనీ నేను చెప్పాను. ఆయన వెంటనే గంపలగూడెం ఇంటి యజమానికి ఫోన్ చేసి, బేరం వద్దు, ఆవిణ్ణి ఉండనివ్వండి అని బతిమాలారు. తనకు ఇంకో పార్టీ ఉందని అతను ఫోన్ పెట్టేశాడు.

బయట నిలబడ్డ టీచరును ఎక్కించుకుని ముగ్గురం కారులో గంపలగూడెం వెళ్లాం. జల్లు పడుతోంది. తడిసిన పరుపు, గిన్నెలు, ఇనుప మంచం. పత్తి ఏరే పనికి వెళ్లే ఆ పెద్దావిడ గొడుగు కింద నిలబడి ఉన్నారు. వెంకటరత్నం గారు ఆమె వైపు చూడలేక, మంచం ఒక కొస పట్టుకుని ఆటోలోకి ఎత్తించారు.

"ఇల్లు వద్దంటావేంటే?" అన్నారావిడ కూతురితో. "సంతకం పెట్టు. ఇప్పుడు నాక్కూడా చోటు కావాలిగా."

మర్నాడు రిజిస్ట్రేషన్ జరిగింది. లాభం బాండ్లలోకి వెళ్లింది. మినహాయింపు నిబంధనల్లో అమ్మేవారు, కొనేవారు ఉంటారు; అద్దెకున్న మనిషి ఉండరు. ఆ తర్వాత మరో ఇల్లు కొంటానన్న ప్రతి క్లయింటుకూ, అందులో ఇప్పుడు ఎవరుంటున్నారో చూసి రమ్మని చెప్పాకే లెక్క మొదలుపెట్టాను.